తకెమిట్సు 'నవంబర్ స్టెప్స్': రెండు సంగీతాలూ కలిశాయా, పక్కపక్కన కూర్చున్నాయా?

స్వరలహరి:
జపాన్ స్వరకర్త తొరు తకెమిట్సు పేరెత్తగానే 'జపాన్ సంగీతాన్నీ పాశ్చాత్య సంగీతాన్నీ కలిపినవాడు' అంటారు. రుజువుగా చూపేది 1967 నాటి 'నవంబర్ స్టెప్స్'. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా తన 125వ వార్షికోత్సవానికి రాయించుకున్న కృతి. సెయ్‌జి ఒజావా నడిపించగా కిన్షి త్సురుటా బీవా అనే జపాన్ తీగవాద్యాన్నీ, కత్సుయా యొకొయామా షకుహాచి అనే వెదురు వేణువునీ వాయించారు. నాకు అందులో కలయిక వినపడదు. ఆర్కెస్ట్రా ఆగుతుంది, జపాన్ వాద్యాలు అందుకుంటాయి. చివరికొచ్చేసరికి ఆ ఇద్దరే చాలాసేపు వాయిస్తారు, మిగతావాళ్లు ఊరకే కూర్చుంటారు. గొప్ప సంగీతమే, కాదనను. కానీ దీన్ని సమ్మేళనం అనడం న్యాయమేనా?

రాగమాలిక:
స్వరలహరి గారూ, మీరు సరిగ్గానే విన్నారు. కలపకూడదనే ఆయన అలా రాశారు.

యుద్ధకాలంలో పెరిగిన తకెమిట్సుకు సొంత దేశపు సంగీతం వింటే ఆ యుద్ధమే గుర్తొచ్చేది. ఏళ్ల తరబడి దాన్ని దూరం పెట్టి, పాశ్చాత్య సంగీతాన్ని చాలావరకు స్వయంగా నేర్చుకున్నారు. బున్‌రాకు బొమ్మలాటలో షమిసెన్ అనే తీగవాద్యం విన్నాక గానీ మనసు ఇటు మళ్లలేదు. అంత ఆలస్యంగా తిరిగొచ్చిన మనిషి బీవాని వయొలిన్ల వెనక అలంకారంగా పెడతాడా?

బీవాని ఒక్కసారి దగ్గరగా వినండి. వెడల్పాటి మీటుతో కొట్టగానే తీగ జుమ్మంటుంది, మన తంబురకు దారం పెడితే వచ్చే నాదంలా. షకుహాచిలో గాలి రాపిడి కూడా స్వరంలో భాగమే. ఒక్క దెబ్బలోనే అంత ఉంది. దాని కింద హార్మనీ, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపు, పరిస్తే ఇక వినపడేదేముంది? అందుకే ఆర్కెస్ట్రాని ఎడమా కుడీ విడదీసి, మధ్యలో చోటు వదిలారు.

వేకువవేణువు:
విడిగా ఉంచడమే గొప్పయితే, 1973లో అవే రెండు వాద్యాలతో 'ఆటమ్' రాసినప్పుడు తకెమిట్సే వాటిని ఆర్కెస్ట్రాకి దగ్గరగా ఎందుకు తెచ్చినట్టు? హిరోషిమాలో పుట్టిన స్వరకర్త తోషియో హొసొకవాని వినండి. పీల్చినా వదిలినా పలికే షో అనే జపాన్ నోటి వాద్యం ఉంది కదా, ఆ ఊపిరిని ఆయన మామూలు తీగవాద్యాలతోనే పలికిస్తారు. స్వరాలు ఉబ్బి, మెల్లగా దిగిపోతాయి. కలయిక అంటే అదండీ.

రాగమాలిక:
హొసొకవా విషయంలో మీతో ఏకీభవిస్తాను. 'ఆటమ్' విషయంలో మాత్రం కాదు. అందులో బీవా పదును తగ్గిందనే నాకనిపిస్తుంది. న్యూయార్క్ శ్రోతలు ముందు బీవాని బీవాగా వినాలి కదా! 'నవంబర్ స్టెప్స్' ఆ పని చేసింది. రెండూ వరసగా విని, త్సురుటా దెబ్బ ఎందులో గట్టిగా తగిలిందో చెప్పండి.