డిసెంబరు 31 గొలుసు ప్రార్థన, డాలస్: ఒంగోల్లో తెల్లవారేదాకా మన కావలి. ఏర్పాట్లన్నీ ఇక్కడే మాట్లాడుకుందాం

సమన్వయం

అందరికీ వందనాలు. హాలు ఖరారయింది. ఉదయం 6 నుంచి రాత్రి 9 దాకా మన చేతిలో ఉంటుంది.

వేళలు ఇలా ఎందుకు పెట్టామని ఇద్దరు ముగ్గురు అడిగారు. డిసెంబరులో డాలస్‌కూ మన ఊళ్లకూ తేడా పదకొండున్నర గంటలు. ఇక్కడ ఉదయం 7 అంటే అక్కడ సాయంత్రం 6:30, ఇక్కడ సాయంత్రం 7 అంటే అక్కడ జనవరి 1 ఉదయం 6:30. మన పగలంతా వాళ్ల రాత్రే. నెల్లూరు, ప్రకాశం జిల్లాలు నిద్రపోతున్నంతసేపూ ఇక్కడ ఎవరో ఒకరు మోకాళ్ల మీద ఉంటారు. ఆ రోజు ఒంగోల్లో పొద్దు పొడిచేది సుమారు 6:35కి. కాబట్టి చివరి వంతును 7:10 దాకా సాగదీశాం.

ఆ తెల్లవారుజామే ఎందుకో పిల్లలకు కూడా తెలియాలి. 1853లో అమెరికన్ బాప్టిస్టులు తమ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని చర్చించుకున్నారు. 1854 జనవరి 1న మిషనరీ జ్యువెట్ దొర, దొరసానమ్మ, నర్సు, రూతు, జూలియా ఐదుగురూ చీకటితోనే ఒంగోలు కొండెక్కి ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. అడిగింది ఒక్కటే: ఒంగోలుకు ఒక దైవసేవకుణ్ని పంపమని. ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చిన మిషనరీ క్లౌ దొర ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్లు. మరుసటి ఏడాది జనవరి 1న సంఘం కట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. ఈ అంకెలు ఫ్లెక్సీ మీద పెద్దగా రావాలి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి అందరూ చెప్తారు. మధ్యలోని పన్నెండేళ్ల సంగతి ఎవరూ ఎత్తరు.

31 రాత్రి ఎవరి చర్చిలో వాళ్లకు వాచ్‌నైట్ (కొత్త ఏడాదిని ఎదుర్కొనే రాత్రి ఆరాధన) ఉంటుంది. 8:15 కల్లా హాలు ఖాళీ చేయాలి. పాస్టర్లతో ఈ మాట ముందే చెప్పి ఉంచాం.

ప్రార్థన విభాగం

పన్నెండు గంటలు, అరగంటకో వంతు చొప్పున ఇరవై నాలుగు వంతులు. వంతుకు ఇద్దరు, మొత్తం 48 మంది కావాలి. 1727 ఆగస్టులో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరావియన్లు అనే క్రైస్తవ సమాజంవాళ్లు గంట వంతుల ప్రార్థన మొదలుపెట్టినప్పుడు 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు పేర్లిచ్చారు. ఆ గొలుసు వందేళ్లకు పైగా తెగలేదు. మనది పన్నెండు గంటలే కాబట్టి పేరిచ్చి రాకపోతే సర్దుకోవడానికి వ్యవధి ఉండదు. రాలేనివాళ్లు 28లోగా చెప్పండి.

ఒక్కరు చాలరా అంటే, చాలరు. నిర్గమకాండము 17 చూడండి. రెఫీదీములో మోషే చేతులెత్తినంతసేపు ఇశ్రాయేలు గెలిచింది, దించితే అమాలేకు గెలిచింది. ఆయన చేతులు బరువెక్కాయి. కింద రాయి వేసి కూర్చోబెట్టి అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు పట్టుకుంటే పొద్దుగుంకేదాకా నిలిచాయి. అలసిపోవడం అవిశ్వాసం కాదు. అలసిపోయే మనిషి పక్కన ఇంకో మనిషిని పెట్టకపోవడం మాత్రం ఏర్పాటులో లోపమే.

అరగంట ఇలా గడవాలి. మొదటి మూడు నిమిషాలు వాక్యం, రెండు నిమిషాలు స్తుతి, ఇరవై నిమిషాలు మనవుల కార్డులు, చివరి ఐదు నిమిషాలు మౌనం. కార్డుకు రెండున్నర నిమిషాలంటే వంతుకు ఎనిమిది కార్డులు, మొత్తం 192. ఆ లెక్క దాటాక వచ్చినవాటిని జనవరి శుక్రవారాల కూడికల్లో చూసుకుందాం. కుక్కితే ఏదీ సరిగా జరగదు.

స్త్రీల సమాజం

అన్నా, ఒక మనిషి కష్టానికి రెండున్నర నిమిషాలేనా? మన అమ్మగార్లు ఒక్కో పేరు మీద పావుగంట కన్నీళ్లు పెడతారు. మరీ బిగించినట్టుంది.

ప్రార్థన విభాగం

నిజమే అక్కా, అందుకే ఎడమ పక్క చిన్న గది విడిగా ఉంచాం. అక్కడ గడియారం ఉండదు. ఏదైనా పేరు మీద భారం కలిగినవాళ్లు ఆ కార్డు తీసుకుని అక్కడికి పోవచ్చు. హాల్లో మాత్రం వేళ తప్పకూడదు. గొలుసు ప్రార్థనలు ఎక్కువగా తెగేది ఇక్కడే: మొదటి మూడు కార్డులు అరగంటను మింగేస్తాయి, మిగతా ఐదుగురి పేర్లు నోటికే రావు. వాళ్లు కూడా ఎవరో ఒకరి బిడ్డలే కదా.

మనవుల పెట్టె

కార్డు ఎలా రాయాలో ఒక్కసారి చూడండి. "కుటుంబ సమస్యల కోసం ప్రార్థించండి" అని రాస్తే ప్రార్థించేవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు, "అందరినీ దీవించు ప్రభువా" అని దాటిపోతారు. ఇలా ఉండాలి: "ఉదయగిరి దగ్గర పల్లె, అమ్మ, 68 ఏళ్లు, జనవరి 9న మోకాలి ఆపరేషన్. భయం పోవాలి, పుండు త్వరగా మానాలి, చూసుకునే చెల్లికి ఓపిక కావాలి." మూడు వరుసలే. ఎవరు, ఎప్పుడు, ఏం కావాలి. ఐదుగురు కొండమీద అడిగింది కూడా ఇంత సూటిగానే ఉంది: ఊరి పేరు ఒంగోలు, కావలసింది ఒక మనిషి.

తెల్ల కార్డు గట్టిగా చదవచ్చు. పసుపు కార్డు వంతులో ఉన్న ఇద్దరికే. తాగుడు, అప్పులు, పెళ్లి సంబంధాలు, వీసా, ఆడపిల్లల విషయాలు అన్నీ పసుపు కార్డే. మన ఊళ్ల మధ్య మాట ఎంత తొందరగా పాకుతుందో అందరికీ తెలుసు. "ఫలానావాళ్ల కోసం ప్రార్థించాలి అక్కా, ఏమైందంటే..." అని మొదలైతే అది విజ్ఞాపన కాదు, చాడీ. పసుపు కార్డులు ఆ రాత్రే ముక్కలుగా చింపేస్తాం. తెల్లవి నోటుపుస్తకంలోకి ఎక్కుతాయి: తేదీ, మనవి, జవాబు. మార్చి చివర ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మూడో గడి నింపుతాం. నిండకపోతే ఖాళీగానే ఉంచి మళ్లీ ప్రార్థిస్తాం. కార్డులకు ఆఖరు తేదీ డిసెంబరు 20.

అయ్యగారు

ప్రియులారా, వంతుల్లో కూర్చునేవాళ్లకు రెండు మూడు మాటలు.

శక్తి మన గొంతులో లేదు, గంటల లెక్కలో లేదు. హెబ్రీ 7:25 ప్రకారం మన పక్షాన విజ్ఞాపన చేయడానికి క్రీస్తు నిరంతరం జీవిస్తున్నాడు. మాట పెగలనప్పుడు ఆత్మే మూలుగులతో విజ్ఞాపన చేస్తున్నాడని రోమా 8:26. జరుగుతున్న విజ్ఞాపనలోకి మనం చేరుతున్నాం, అంతే. కాబట్టి అరుపులతో దేవుణ్ని ఒప్పించాలన్న తొందర వద్దు.

అయితే వాదించండి. మొహమాటపడకండి. నిర్గమకాండము 32లో జనం బంగారు దూడకు మొక్కాక మోషే ఏమన్నాడో గమనించండి. వీళ్లు నీవు ఐగుప్తునుంచి తెచ్చిన నీ ప్రజలు. వీళ్లను చంపితే ఐగుప్తీయులు నిన్ను ఏమంటారు? అబ్రాహాముకు, ఇస్సాకుకు, ఇశ్రాయేలుకు ప్రమాణం చేశావు కదా. మూడు మాటలూ దేవుని పేరు, ఆయన మాట, ఆయన ప్రజల చుట్టూనే తిరుగుతాయి. ఆ జనం మంచివాళ్లని మోషే ఒక్కసారీ అనలేదు. అబ్రాహాము సొదొమ కోసం యాభై నుంచి పదికి దిగివచ్చాడు, ఆరుసార్లు అడిగాడు. కార్డు మీద పేరున్న మనిషి అర్హుడా కాదా అన్న విచారణ మన పని కాదు.

ఇంకొకటి. లూకా 22:32లో ప్రభువు పేతురు కోసం ఏమడిగాడు? సాతాను పట్టే జల్లెడ తీసేయమని కాదు, అతని నమ్మిక తప్పిపోకూడదని. ప్రభువును ఎరగనని చెప్పి పేతురు ఆ రాత్రే పడ్డాడు. అయినా ఆ ప్రార్థన వమ్ము కాలేదు, తిరిగి లేచాడు. రోగం తగ్గాలని తప్పకుండా అడుగుదాం, యాకోబు 5 అలాగే చెప్పింది. దానితోపాటు నమ్మిక నిలవాలని కూడా అడుగుదాం. తగ్గకపోతే "మీకు విశ్వాసం చాలలేదు" అనే మాట ఎవరి నోటా రాకూడదు. మందులు మానేయమని చెప్పేవారెవరికీ ఆ రోజు మైకు ఇవ్వకండి. అధికారుల కోసం ప్రార్థించేటప్పుడు 1 తిమోతి 2 చదివి కలెక్టరు, పోలీసు, పంచాయతీ అని పదవులు చెప్పండి, పార్టీల పేర్లు వద్దు.

సౌండ్, జూమ్

చివరి అరగంట ఒంగోలు వాళ్లను కలుపుతున్నాం. రెండు వైపులా కలిసి పాడడం కుదరదు. మాట అటు చేరేసరికి అర సెకనో సెకనో ఆలస్యమవుతుంది, పాట రెండుగా చీలిపోతుంది. మనం పాడితే వాళ్లు మ్యూట్, వాళ్లు పాడితే మనం మ్యూట్. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయకపోతే హార్మోనియం, డప్పు చప్పుడును గోలనుకుని నొక్కేస్తుంది. హాల్లో ఒక్క లాప్‌టాప్‌కే మైకు ఉండాలి. మిగతావాళ్లు ఫోన్లో అదే మీటింగ్ తెరిచారంటే కీచుమని చెవులు చిల్లులు పడతాయి.

ఒంగోలు కొండ మీదనుంచి ఫోన్లో కలిసే తమ్ముడికి చెప్పాల్సినవి: పవర్ బ్యాంక్, టార్చి, గాలి హోరు రాకుండా ఫోన్ మైకు మీద పలుచటి చేతిరుమాలు. అక్కడి సంఘపెద్దల్ని ముందే అడగాలి. తెల్లవారుజామున అక్కడ ప్రార్థించుకునేవాళ్ల ముఖం మీద లైటు వేయకూడదు.

వంట

ఉపవాసం ఉండేవాళ్లు అరవై మందని లెక్క. విడిచేటప్పుడు మొదట రాగి జావ. మనిషికి 200 మిల్లీలీటర్లు, మొత్తం 12 లీటర్లు, రాగిపిండి ముప్పావు కిలో పైచిలుకు. పిండిని ముందు రెండు లీటర్ల చన్నీళ్లలో కలుపుకుని మరుగుతున్న ఎసట్లో సన్నని ధారగా పోయాలి. నేరుగా వేసి తిప్పితే ఉండ కడుతుంది, ఇక విడిపోదు. చల్లారాక మజ్జిగ, ఉప్పు. తర్వాత ఇడ్లీ, పప్పుచారు. చేపల పులుసు అడిగినవాళ్లకు జనవరి 1 మధ్యాహ్నం చూద్దాం, పొద్దుటినుంచి ఖాళీగా ఉన్న కడుపు మీద ఆ పులుపూ కారమూ మంచిది కాదు.

షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్ను అడక్కుండా ఉపవాసం పట్టకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు తినాలి. నీళ్లు అందరూ తాగాలి.

పిల్లల విభాగం

నలుగురు పక్షవాయువు రోగిని మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించిన కథ, మార్కు 2. ఒక దుప్పటి, నాలుగు మూలలకు నలుగురు పిల్లలు, మధ్యలో బొమ్మ. ఒకరు మూల వదిలితే బొమ్మ జారుతుంది. తర్వాత ప్రతి పిల్లాడూ ఊళ్లో ఉన్న ఒక్కరి పేరు, అమ్మమ్మో తాతయ్యో, చెప్పి ఒక్క వాక్యం ప్రార్థించాలి. ఇరవై నిమిషాలు చాలు.

ప్రార్థన విభాగం

వంతులను జిల్లాల రాత్రికి సరిపోయేలా కూర్చాం, పాత ఉమ్మడి జిల్లాల లెక్కన. ఇక్కడ ఉదయం, అంటే అక్కడ సాయంత్రం వేళ, హాస్టల్ పిల్లలు, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లు, పని కోసం హైదరాబాదు, బెంగళూరు పోయినవాళ్ల ఇళ్లు, గల్ఫులో ఉన్నవాళ్ల భార్యాబిడ్డలు. తర్వాత పొగాకు రైతులు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో దుమ్ము పీల్చే కూలీలు. అర్ధరాత్రి వంతులు నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా పోయే హైవే డ్రైవర్లకు, ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ నర్సులకు.

సాయంత్రం 4 నుంచి 5:30 దాకా రొయ్యల చెరువులు. అక్కడ అది తెల్లవారుజాము 3:30 నుంచి 5. చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గేది ఆ వేళే. అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్లకు గాలి పట్టించే యంత్రాలు) ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, ఇంటిల్లిపాదీ అప్పులో మునుగుతారు. చెరువు గట్టున ఒంటరిగా మేలుకుని ఉన్న కాపలా మనిషి పేరు తెలిసినవాళ్లు కార్డులో రాయండి.

48లో 47 పేర్లు వచ్చాయి. మధ్యాహ్నం 3 నుంచి 3:30 వంతుకు ఇంకొక్కరు కావాలి. అక్కడ అప్పుడు తెల్లవారుజాము 2:30, వేటకు పోయే పడవలు నీళ్లలోకి దిగే పొద్దు.