‘గిరి’ తర్వాత ఏమిటి?

యతిభంగం: రెండు రోజులుగా ఒకటే నస. తెలుగులో గణితం రాసిన కవి పావులూరి మల్లన చదరంగం పద్యంలో (ఒకటితో మొదలుపెట్టి గడిగడికీ రెట్టిస్తూ 64 గళ్లు నింపితే వచ్చే మొత్తాన్ని, చివరి అంకె నుంచి మాటల్లో చెప్పే పద్యం) ‘ధర గగనాబ్ధి వేద గిరి ... పయోనిధి పద్మజాస్య కుం’. ఆ ఖాళీలో ‘శాస్త్ర’ అని నోటికొస్తోంది. శాస్త్రాలు ఆరు, అక్కడ కావలసిన అంకే ఆరే. అయినా ఎక్కడో తేడా కొడుతోంది.

పాతపుస్తకం: గణం సరిపోయింది, యతి (పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం) చెడింది. పాదం ‘ధ’తో మొదలైతే పదకొండో అక్షరం ‘శా’ ఎలా అవుతుందండీ? ‘తర్క’. మీ పేరు నిలబెట్టుకున్నారు.

యతిభంగం: ఒప్పేసుకున్నా. మరి తర్కం ఆరెలా అయింది?

లెక్కలపిచ్చి: ముందు అబ్ధి సంగతి తేల్చండి. సముద్రాలు ఏడు కదా! ఇక్కడ అబ్ధీ నాలుగే, పయోనిధీ నాలుగేనా?

పాతపుస్తకం: భూతసంఖ్యల్లో (అంకెలకు బదులు మాటలు వాడే పద్ధతిలో) సముద్రానికి నాలుగే వాడుక. ఏడుగా వేసినవాళ్లూ లేకపోలేదు.

లెక్కలపిచ్చి: వాడుక కాదు, రుజువు. నాలుగు వేసుకుంటే పద్యం చెప్పే సంఖ్య 18446744073709551615. దాని అంకెలన్నీ కూడితే 87. మూడుతో పోతుంది, పోవాలి కూడా. అయిపోయింది.

సున్న: అవ్వలేదు. ఒక నాలుగు తీసి ఏడు పెడితే మొత్తం 90, అదీ మూడుతో పోతుంది. తొమ్మిదితో చూడండి. ఒకటిని 64 సార్లు రెట్టించి ఒకటి తీస్తే ఈ మొత్తం. రెట్టింపు చేసుకుంటూ పోతే శేషాలు 2, 4, 8, 7, 5, 1, మళ్లీ 2. అరవై నాలుగోసారి 7 వస్తుంది, ఒకటి తీస్తే 6. 87కి శేషం 6. 90కి సున్న. రెండు సముద్రాలూ ఏడైతే 93, శేషం 3. కాబట్టి నాలుగే.

పాతపుస్తకం: బాగుంది, కానీ మీరు కవిని చూడట్లేదు. పై పాదం చివర్నుంచి కలిపి చదవండి: ‘వియన్నగాగ్నిభూధర గగన’. ఆకాశం, కొండ, నిప్పు, కొండ, ఆకాశం. 07370, ఎటు చదివినా అదే! కొండ రెండుసార్లొచ్చింది, ఆకాశం రెండుసార్లొచ్చింది, మాట మాత్రం తిరిగి రాలేదు. తర్వాత మూడో కొండకు ‘గిరి’. మనవడు మామూలోడు కాదు.

లెక్కలపిచ్చి: మనవడా? తాత మల్లన అనుకుంటున్నానే.

పాతపుస్తకం: మల్లనలు ఇద్దరు, తాతా మనవడూ. నవఖండవాడ అగ్రహారం పుచ్చుకున్నది తాత. పద్యం మనవడిది. ఈ గొడవ ఇదివరకే పడ్డాం.

లెక్కలపిచ్చి: పడ్డాం, తేలలేదు.

సున్న: ఇంకో సరదా. ఈ సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297, ఈ ఆరింటి లబ్ధం. ఇలాంటివన్నీ (2, 4, 16, 256 అంటూ వర్గం చేసుకుంటూ పోయి, ఒక్కోదానికి ఒకటి కలిపినవి) ప్రధాన సంఖ్యలేనని గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. ఆరోది 641తో పోతుందని 1732లో ఆయిలర్ చూపించాడు.

యతిభంగం: ఇక్కడా ఆరే! నా తర్కం సంగతి?

పాతపుస్తకం: షడ్దర్శనాలు అనుకోండి.

సున్న: దర్శనాలైతే ‘దర్శన’ అనేవాడుగా. తర్కం వాటిలో ఒకదాని సొత్తు.

పాతపుస్తకం: ‘దర్శన’ పెడితే గణం పోతుందండీ. అయినా తాత అన్నవాళ్లు ఆధారం ఏ పద్యమో చూపించాలి.