మాంటీ పైథాన్ మీకెలా పరిచయం? ఇంకా ఎందుకు వదల్లేకపోతున్నారు?

అమలాపురం_అబ్బాయి:
అందరికీ నమస్కారం. నిన్న నైట్ డ్యూటీ దిగి వచ్చాక నిద్ర పట్టలేదు, అందుకని మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందం వేసిన 'చచ్చిన చిలక' స్కిట్ మళ్ళీ పెట్టుకున్నాను. ఎన్నోసారో లెక్క లేదు. 1969లో బీబీసీలో మొదలై 1974లో ఆగిపోయిన వాళ్ళ టీవీ కార్యక్రమం, మొత్తం 45 ఎపిసోడ్లు, నేను పుట్టకముందే అయిపోయింది. అయినా షాపువాడు చిలక నిద్రపోతోందని బుకాయించే చోటికి రాగానే నవ్వు ఆగదు. నేను గ్లాస్గోలో చదువుకునేటప్పుడు మాతో ఇంట్లో ఉండే స్కాట్లండ్ కుర్రాడు ఈ బృందం తీసిన సినిమా హోలీ గ్రెయిల్ డీవీడీ పెట్టాడు. వాళ్ళ యాస పట్టుకోలేక సగం మాటలు అర్థం కాలేదు. కానీ ఆర్థర్ రాజు గుర్రం లేకుండానే స్వారీ చేస్తున్నట్టు గెంతుతూ వస్తుంటే, వెనకాల నౌకరు రెండు కొబ్బరి చిప్పలు కొట్టి గిట్టల చప్పుడు చేస్తుంటాడు చూడండి, అక్కడ పడిపడి నవ్వాను. గుర్రాలకి డబ్బుల్లేక అలా తీశారని తర్వాత తెలిసింది. పెళ్ళయ్యాక మా ఆవిడని స్కాట్లండ్‌లోని డూన్ కోటకి తీసుకెళ్ళాను, ఆ సినిమా ఎక్కువగా అక్కడే తీశారు. ఆడియో గైడ్ చెవిలో పెట్టుకుంటే అందులో గొంతు ఆ బృందంలోని టెర్రీ జోన్స్‌ది! మీ కథలు కూడా చెప్పండి.

సంధ్య_కోడ్:
నాది అమీర్‌పేట దారి అన్నా. పైథాన్ అనే కంప్యూటర్ భాష కోర్సులో మొదటి రోజు సార్ పైథాన్ అంటే కొండచిలువ అని చెప్పి బోర్డు మీద పాము బొమ్మ వేశారు. తర్వాత సొంతంగా చదువుకుంటుంటే ఉదాహరణల్లో ఎక్కడ చూసినా స్పామ్, ఎగ్స్ అని వస్తోంది, ఇదేంటని వెతికాను. గిడో వాన్ రోసమ్ ఆ భాష తయారుచేసే రోజుల్లో మాంటీ పైథాన్ స్క్రిప్టులు చదువుతుండేవారట, పేరు అక్కడిది. 1970లో వచ్చిన స్పామ్ స్కిట్‌లో ఒక చిన్న హోటల్, ఏం అడిగినా అందులో స్పామ్ అనే డబ్బా మాంసం ఉంటుంది, పక్కన కూర్చున్న వైకింగులు దాని పేరే పాటెత్తుకుంటే ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడదు. మెయిల్‌లో చెత్తకి స్పామ్ అనే పేరు అలా వచ్చిందే. ఇది తెలిసిన రోజు ఆఫీసులో చుట్టుపక్కల సీట్ల వాళ్ళందరికీ ఆ స్కిట్ చూపించాను. ఇద్దరే నవ్వారు. ఆ ఇద్దరూ ఇప్పటికీ నాకు బెస్ట్ ఫ్రెండ్స్.

తెనాలి_మేరీ:
మాది ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే ఇల్లు. వీళ్ళ సినిమా లైఫ్ ఆఫ్ బ్రయన్ పేరు వింటేనే నాకు టెన్షన్, 1979లో వచ్చిన ఆ సినిమాని నార్వేలో, ఐర్లాండ్‌లో నిషేధించారు, బ్రిటన్‌లోనూ కొన్ని ఊళ్ళలో ఆడనివ్వలేదు కదా. చివరికి ధైర్యం చేసి చూశాను. బ్రయన్ ఏసు కాదు, అదే రాత్రి పక్కింటి కొట్టంలో పుట్టిన మామూలు మనిషి. ఏసు కొండమీది ప్రసంగాన్ని గౌరవంగానే చూపించారు, నవ్వంతా దూరంగా నిలబడి సరిగ్గా వినపడక తమలో తాము తగువులాడుకునే జనం మీద. నా విశ్వాసానికేమీ కాలేదు, ఇంకా నాకది చాలా నిజాయితీ గల సినిమా అనిపించింది. పెట్టుబడి పెడతామన్న ఈఎంఐ అనే కంపెనీ చివరి నిమిషంలో తప్పుకుంటే బీటిల్స్ బ్యాండ్‌లోని జార్జ్ హారిసన్ తన ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చారు. కారణం, ఆయనకి ఆ సినిమా చూడాలని ఉందట, అంతే. అభిమానం అంటే అదీ.

రెండో_ఆట:
అందరూ పొగుడుతున్నారు, నేనొక మాట అంటాను, ఏమనుకోకండి. వరసపెట్టి చూస్తే చాలాచోట్ల బోర్ కొడుతుంది. ఆడవాళ్ళ వేషాలు ఎక్కువగా మగవాళ్ళే గొంతు సన్నగా చేసి వేసేశారు, కరోల్ క్లీవ్‌లాండ్ లాంటి మంచి నటికి దక్కాల్సినంత దక్కలేదు. బృందంలోని జాన్ క్లీజ్ లేని నాలుగో సిరీస్ నాకు ఎక్కలేదు. కానీ స్కిట్ చివర జోకు పేలి తీరాలన్న రూలేమీ లేదని, విసుగొస్తే మధ్యలోనే వదిలేసి బృందంలోని టెర్రీ గిలియమ్ కత్తిరించి అతికించిన బొమ్మల్లోకి దూకేయొచ్చని టీవీలో చేసి చూపించారే, దానికోసం మిగతావన్నీ క్షమించేస్తాను.

సంధ్య_కోడ్:
కరోల్ విషయం నూటికి నూరుపాళ్ళు నిజం అండి.

కృష్ణలంక:
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా నాన్నగారు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. వీడియో క్యాసెట్ల రోజుల్లో ఇవన్నీ నాకు చూపించింది ఆయనే, పక్కన కూర్చుని ఆపి ఆపి అర్థం చెప్పేవారు. మూడేళ్ళ కిందట ఆయనకి మాటలు దొరకడం మానేశాయి. డాక్టరు జబ్బు పేరు చెప్పగానే నాకు టెర్రీ జోన్స్ గుర్తొచ్చారు. ఆయనకీ ఇదే, ముందు మాటని తీసుకుపోయే డిమెన్షియా. 2016లో బయటికి చెప్పారు, 2020 జనవరిలో పోయారు. బృందంలోనే ఉన్న మైకేల్ పాలిన్ వెళ్ళి ఆయన దగ్గర కూర్చుని వస్తుండేవారు.

ఇప్పుడు చిలక స్కిట్ పెడితే నాన్నగారు చిరాకుపడతారు, ఆ మాటల వేగం అందదు. అందుకని వాళ్ళదే చేపల డాన్స్ స్కిట్ పెడతాను. లండన్‌లో థేమ్స్ నది మీది టెడ్డింగ్టన్ లాక్ దగ్గర నీటి గట్టున తీసింది, అర నిమిషం కూడా ఉండదు. పాలిన్ రెండు చిన్న చేపలు పట్టుకుని గెంతుతూ వచ్చి క్లీజ్ చెంపల మీద టపటపా కొట్టి వెనక్కి పోతుంటాడు, క్లీజ్ కదలకుండా నిలబడి నిలబడి చివర్లో ఒక పెద్ద చేప తీసి ఒక్కటిస్తాడు, పాలిన్ నీళ్ళలో. ఒక్క మాట ఉండదు. చిన్న చేపలు ఊగుతున్నప్పుడే నాన్నగారు నవ్వడం మొదలుపెడతారు, పెద్ద చేప వస్తుందని ఆయనకి తెలుసు! అయిపోగానే మళ్ళీ పెట్టమని వేలు తిప్పుతారు.

అమలాపురం_అబ్బాయి:
కృష్ణలంక గారూ, చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నాన్నగారికి మా అందరి నమస్కారాలు చెప్పండి.

కృష్ణలంక:
చెప్పానండి. ఇవాళ నాలుగోసారి నడుస్తోంది.