వైరస్ ఆర్‌ఎన్‌ఏ మడతలకి అంత పనేంటి?

ప్రశ్న:
ఆర్‌ఎన్‌ఏలో అక్షరాల్ని రైబోజోమ్ మూడేసి చొప్పున చదువుకుంటూ పోయి ప్రోటీన్ కడుతుంది, ఇంతవరకు ఓకే. కానీ హెచ్‌ఐవీలో ఒక చోట అది ఒక అక్షరం వెనక్కి జారుతుందనీ, ముందున్న ఆర్‌ఎన్‌ఏ మడతే అందుకు కారణమనీ చదివాక బుర్ర తిరిగిపోయింది. జారడం పొరపాటు కదా? పైగా ఆ మడతని రైబోజోమ్ ఎలాగూ విప్పేస్తుందిగా?

సాలెగూడు:
విప్పేస్తుంది, కానీ టైం పడుతుంది. గ్యాగ్ జన్యువు చివర్లో వరసగా ఆరు యు అక్షరాలు, ఒక ఎ ఉన్న జారుడు చోటుంది, రైబోజోమ్ సరిగ్గా దాని మీద ఉన్నప్పుడే ముందున్న హెయిర్‌పిన్ (ఆర్‌ఎన్‌ఏ తన మీదే వంగి అతుక్కున్న మడత) అడ్డం తగులుతుంది. అన్నీ యులే కాబట్టి ఒక అక్షరం వెనక్కి జారినా, అక్షరాలకి తగ్గ అమైనో ఆమ్లాల్ని మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏలు మళ్లీ దాదాపు అలాగే అతుక్కుంటాయి. జారేది నూటికి సుమారు 5 సార్లే. జారకపోతే కాస్త ముందుకెళ్లాక స్టాప్ కోడాన్ (ఇక ఆపు అనే మూడు అక్షరాలు) వచ్చి గ్యాగ్‌తో ఆగిపోతుంది, జారితే మూడేసి లెక్క మారి ఆ స్టాప్ కనపడదు, గ్యాగ్-పోల్ అనే పొడుగు ప్రోటీన్ వస్తుంది, ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా రాసే ఎంజైము రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అందులోదే. వైరస్ గూడు కట్టడానికి గ్యాగ్ బోలెడు కావాలి, ఎంజైములు కొంచెం చాలు. ఆ పాళ్లు మారితే వైరస్ సరిగ్గా తయారవదు.

మడతపేచీ:
చిన్న సవరణ. ఆలస్యం ఒక్కటే కారణమంటే కుదరదు, రైబోజోమ్‌ని బాగానే ఆపి కూడా పెద్దగా జారనివ్వని మడతలున్నాయి. మడత ఆకారం, విప్పేటప్పుడు పడే లాగుడు, వీటి మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి. కోవిడ్ వైరస్‌లో ఇదే పని హెయిర్‌పిన్ కాదు, సూడోనాట్ (ముడిలా మెలిపడ్డ మడత) చేస్తుంది.

చుక్కలమందు:
మడతంటే జారుడే అనుకోకండి. పోలియో వైరస్ ఆర్‌ఎన్‌ఏకి మొదట్లో క్యాప్ (రైబోజోమ్‌ని రప్పించడానికి మన కణం ఆర్‌ఎన్‌ఏలకి ఉండే టోపీ) ఉండదు, బదులుగా ఐరెస్ అనే మడతల గుంపు రైబోజోమ్‌ని నేరుగా లోపలికి దింపుతుంది (1988లో బయటపడింది). ఈలోపు వైరస్ ప్రొటియేజ్ (ప్రోటీన్లని కోసే ఎంజైము), క్యాప్ పట్టుకుని పనిచేసే కణం ఏర్పాటుని కోసేస్తుంది, దాంతో కణం సొంత ప్రోటీన్ల తయారీ చాలావరకు మూతపడుతుంది. సేబిన్ పోలియో చుక్కల మందులోని బలహీనపరిచిన వైరస్ మూడు రకాల్లోనూ ఈ ఐరెస్‌లో ఒక అక్షరం మార్పుంది, నరాల కణాల్లో వైరస్ బలం తగ్గేది కొంత దానివల్లే. అక్షరం మళ్లీ పాతదానికి తిరిగితే తంటా, వైరస్‌కి బలం తిరిగొస్తుంది. అందుకే కొత్త టైప్ 2 మందులో ఆ మడతనే తిరగరాశారు, ఒక్క అక్షరం తిరగబడితే సరిపోకుండా. 2020 నవంబరులో డబ్ల్యూహెచ్‌ఓ దాన్ని అత్యవసర వాడకానికి అనుమతించింది.

ప్రశ్న అడిగినవారు:
ఆ యుల దగ్గర లైట్ వెలిగింది, థాంక్స్. చుక్కల మందు బలహీనత అంతా ప్రోటీన్‌లోనే ఉంటుందనుకున్నా ఇన్నాళ్లూ.

చుక్కలమందు:
ప్రోటీన్‌లోనూ మార్పులున్నాయండీ, ఐరెస్ ఒక్కటే కాదు.