వేసవిలో గుర్రం కాలి పుండు మానడం లేదు

ప్రశ్న: విశాఖ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే ఆడగుర్రం మాది. ఏప్రిల్‌లో వెనక కాలు, గిట్టకి జానెడు పైన గీరుకుపోయింది. పసుపు, వేపనూనె రాస్తూనే ఉన్నా, ఇప్పుడది రూపాయి బిళ్లంత పుండైంది. పొద్దున కడుగుతుంటే లోపల నూకల్లాంటి పసుపుపచ్చ గింజలు కనిపించాయి. రాత్రంతా కాలు కొరుక్కుంటోంది. చూడలేకపోతున్నాను.

జవాబు: తమ్ముడూ, ఇది కడుపు పురుగుల వల్ల వచ్చే పుండు, ఆ గింజలే గుర్తు. మా గుర్రానికి కంటి మూలన ఇలాగే వచ్చింది. కడుపులో ఉండే ఒక రకం పురుగుల పిల్లలు లద్దితో బయటపడి ఈగల్లో పెరుగుతాయి. ఆ ఈగ పుండు మీద వాలితే అక్కడే దిగిపోతాయి. అందుకే ఎండాకాలంలోనే ఎక్కువ. పైపూతలతో పోదు. మా డాక్టరు గారు గుర్రం బరువు అంచనా కట్టి ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు పేస్టు నోట్లో వేశారు, వాపుకి వేరే మందు ఇచ్చారు. పూర్తిగా మానడానికి వారాలు పట్టింది.

ఇంకో జవాబు: డాక్టర్ని తప్పకుండా పిలవండి. కణితి కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, అనుమానముంటే ముక్క తీసి పరీక్ష చేస్తారు. ఈలోగా పుండు మీద ఈగ వాలకుండా శుభ్రమైన గుడ్డ కట్టండి. లద్ది రోజూ ఎత్తి దూరంగా పారేయండి.

ప్రశ్న అడిగినవారు: లద్ది కుప్ప కట్టుకొయ్య పక్కనే ఉందన్నా. ఇప్పుడే ఎత్తిస్తున్నాను. రేపు డాక్టరు గారు వస్తామన్నారు.