నాన్న పెట్టెలో హ్యారీ గోలంబెక్ చెస్ పుస్తకం దొరికింది, ఈయన గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పాతపెట్టె:

నాన్న పోయి మొన్నటికి ఏడాది. సంవత్సరీకం పనులన్నీ అయ్యాక అమ్మ ఆయన ట్రంకు పెట్టె తెరవమంది. బట్టల అడుగున పేపర్లో చుట్టి పెట్టిన పాత పెంగ్విన్ పుస్తకం ఒకటి ఉంది, 'ది గేమ్ ఆఫ్ చెస్', రాసినది హెచ్. గోలంబెక్. లోపల మొదటి పేజీలో నాన్న సంతకం, విజయవాడ, 1968 అని ఉంది. నాన్న చెస్ ఆడేవారని తెలుసు కానీ ఇంత పట్టుగా చదివారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పేజీ పేజీకీ పెన్సిల్ గీతలు, పక్కన చిన్న చిన్న మాటలు.

మా బాబుకి పదేళ్లు, ఫోన్లో చెస్ ఆడుతుంటాడు. తాతయ్య పుస్తకం నేను చదువుతా అని పట్టుకున్నాడు కానీ ఎత్తులు రాసిన పద్ధతి వాడికీ అర్థం కాలేదు, నాకూ కాలేదు. అంతా పి-కె4, కెటి-కెబి3 అని ఉంది. ఇంకో సంగతి, క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కలిసి కదలడం) గురించి చెప్పే చోట నాన్న "రాజుకి గుర్రపు గంతు ఇక్కడ లేదు" అని రాసి కింద రెండు గీతలు కొట్టారు. దాని అర్థం ఏంటో ఎంత ఆలోచించినా తట్టలేదు. అసలు ఈ గోలంబెక్ ఎవరు, ఇంకా ఉన్నారా? నాన్న అంతగా చదివిన మనిషి గురించి నాకు ఏమీ తెలియకపోవడం బాధగా ఉంది, అందుకే అడుగుతున్నాను.

ఏలూరు తాత:

అమ్మా, మీ నాన్నగారు రాసిన ఆ మాట చదవగానే నాకు మా అరుగు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో మన ఊళ్లలో ఆడిన చదరంగం వేరు. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదలాలి, క్యాస్లింగ్ అనేది లేదు, దానికి బదులు చెక్ పడకముందు రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. అదే గుర్రపు గంతు. ఊరు మారితే ఈ రూల్స్ కూడా కొంచెం మారేవి, పక్క ఊరి వాళ్లతో ఆడితే ముందు అరగంట దాని మీదే వాదన. మీ నాన్నగారు కూడా అలాంటి ఆటతోనే పెరిగి ఉంటారు. ఈ పుస్తకం చేతికొచ్చాక అంతర్జాతీయ పద్ధతికి తనను తాను మార్చుకున్నారన్నమాట. మాస్టారు లేకుండా, పుస్తకం ఒక్కటే పెట్టుకుని. ఆ రెండు గీతల వెనక ఎంత కష్టం ఉందో నాకు తెలుసు, చేతికి అలవాటైన ఆటని మాన్పించడం చాలా కష్టం.

గోలంబెక్ గారు ఇప్పుడు లేరమ్మా. 1911లో లండన్‌లో పుట్టారు, పోలాండ్ నుంచి వచ్చిన యూదు కుటుంబం. 1995 జనవరి 7న పోయారు, 83 ఏళ్లు. బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ మూడుసార్లు గెలిచారు, 1947, 1949, 1955లో. ఆ 1955 నాకు ఇంకో రకంగా గుర్తు. మన దేశంలో మొట్టమొదటి జాతీయ చెస్ ఛాంపియన్‌షిప్ ఆ ఏడాదే మా ఏలూరులో జరిగింది. రామచంద్ర సాప్రే గారు, మన డి. వెంకయ్య గారు ఇద్దరూ సమానంగా మొదటి స్థానంలో నిలిచారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా పెద్దనాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే తలుపు దగ్గర నిలబడి చూశాను, దగ్గితే కూడా కసురుకున్నారు! గెలిచినవాళ్ల పేర్లు ఇప్పటికీ చెప్పుకుంటాం కానీ బల్లలు వేయించినవాళ్లు, గడియారాలు తెప్పించినవాళ్లు, వచ్చినవాళ్లకి భోజనాలు చూసినవాళ్లు ఎవరో ఇప్పుడు మా ఊళ్లో అడిగినా చెప్పలేరు. మీరు ఒక పుస్తకం రాసినాయన్ని గుర్తుపెట్టుకుని అడిగారు చూడండి, అది నాకు చాలా నచ్చింది.

నల్లగడి:

అక్కా, ఎత్తుల సంగతి నేను చెప్తాను, చాలా తేలిక. ఇప్పుడు మనం నిలువు వరసలకి ఎ నుంచి హెచ్ దాకా పేర్లు పెడుతున్నాం, అప్పట్లో ఆట మొదలైనప్పుడు ఆ వరసలో ఏ కాయ నిలబడితే ఆ వరసకి ఆ కాయ పేరే. కె అంటే రాజు వరస, క్యూ అంటే మంత్రి వరస, కెబి అంటే రాజు వైపు ఒంటె వరస. పి అంటే బంటు, కెటి అంటే గుర్రం. చివరి అంకె ఆ వరసలో ఎన్నో గడి అని. తికమక ఎక్కడంటే గడుల లెక్క ఎవరి వైపు నుంచి వాళ్లది. తెల్లవాళ్లు పి-కె4 అంటే ఇప్పటి ఇ4, అదే పి-కె4 నల్లవాళ్లు ఆడితే ఇ5. కెటి-కెబి3 తెల్లకి ఎఫ్3, నల్లకి ఎఫ్6. బాబుని నల్ల ఎత్తులు వచ్చినప్పుడు బోర్డుకి అవతలి వైపు వెళ్లి కూర్చోమనండి, రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

కానీ ఒక మాట, వాడు టోర్నమెంట్లు ఆడాలనుకుంటే ఓపెనింగ్స్, అంటే ఆట మొదటి ఎత్తులు, మాత్రం ఈ పుస్తకంలో నేర్పించకండి. ఇది 1954లో వచ్చింది, ఆ తర్వాత చెస్ చాలా మారిపోయింది, కంప్యూటర్లు వచ్చాక మరీను. ఎండ్‌గేమ్ మాత్రం నిస్సందేహంగా చదవొచ్చు. రాజు, బంటు మిగిలినప్పుడు ఎలా ఆడాలో అప్పుడూ అంతే ఇప్పుడూ అంతే.

జిల్లా ఆర్బిటర్:

నల్లగడి గారు చెప్పింది నిజమే కానీ గోలంబెక్‌ని పాత ఓపెనింగ్స్ పుస్తకం రాసినాయనగా వదిలేస్తే అన్యాయం అవుతుంది. నేను ఇరవై ఏళ్లుగా స్కూలు టోర్నమెంట్లు నడుపుతున్నాను కాబట్టి చెప్తున్నాను, ఆడటం ఒక పని, ఆడించడం వేరే పని, రెండోదానికి చప్పట్లు ఉండవు. గోలంబెక్ ఏళ్ల తరబడి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడెలో బ్రిటన్ ప్రతినిధిగా ఉన్నారు, పెద్ద పెద్ద పోటీలకి ఆర్బిటర్‌గా, అంటే తీర్పరిగా కూర్చున్నారు, ది టైమ్స్ పత్రికకి 1945 నుంచి నలభై ఏళ్లు చెస్ శీర్షిక రాశారు. ఇవే కాకుండా దేశాల జట్లు తలపడే చెస్ ఒలింపియాడ్లు తొమ్మిదింటిలో ఇంగ్లండ్ తరఫున ఆడారు కూడా.

1963లో మాస్కోలో బోత్విన్నిక్‌కీ పెట్రోస్యాన్‌కీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ జరిగింది. ఆడేది ఇద్దరు సోవియట్ ఆటగాళ్లు, ఆర్బిటర్లలో ఒకరు మాత్రం బ్రిటన్ నుంచి వచ్చిన గోలంబెక్. అప్పట్లో ఆట ఒక రోజులో తేలకపోతే వాయిదా వేసేవాళ్లు. ఎత్తు ఎవరిదైతే వాళ్లు దాన్ని బోర్డు మీద ఆడకుండా కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించి ఆర్బిటర్‌కి ఇవ్వాలి. మర్నాడు ఆట మొదలయ్యేదాకా ఆ కవరు ఆర్బిటర్ దగ్గరే. రాత్రంతా అవతలి వైపువాళ్లు ఆ ఒక్క ఎత్తు ఏమై ఉంటుందా అని బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటారు. ప్రపంచ కిరీటం దాని మీద ఆధారపడి ఉండొచ్చు, అలాంటి కవరు దాచమని ఇచ్చేది అందరూ నమ్మే మనిషికే కదా. నాకు జిల్లా స్థాయి పోటీలో ఒక తండ్రి వచ్చి మా వాడు కాయ పట్టుకోలేదు, తగిలిందంతే అని గొడవ చేస్తేనే టెన్షన్ వచ్చేస్తుంది. పట్టిన కాయ ఆడాల్సిందే అని చెప్పి అందరినీ ఒప్పించి నిలబడటానికి ఎంత పేరు, ఎంత ఓర్పు కావాలో ఆ పని చేస్తేనే తెలుస్తుంది.

మిల్టన్ కీన్స్ నుంచి:

ఆ కవరు సంగతి చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. నేను ఉండేది ఇంగ్లండ్‌లో, బ్లెచ్లీ పార్క్‌కి దగ్గర్లోనే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలు ఛేదించిన చోటు, ఇప్పుడు మ్యూజియం. గోలంబెక్ అక్కడ పనిచేశారు, హట్ 8లో, అంటే జర్మన్ నౌకాదళం సంకేతాలు చూసే విభాగం, కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్ ఉన్నది కూడా అందులోనే. 1939లో బ్యూనస్ ఐరిస్‌లో చెస్ ఒలింపియాడ్ మధ్యలో యుద్ధం మొదలైంది, ఇంగ్లండ్ జట్టు ఆట వదిలేసి తిరుగు ప్రయాణమైంది. ఆ జట్టులోని అలెగ్జాండర్, మిల్నర్-బ్యారీ, గోలంబెక్ ముగ్గురూ బ్లెచ్లీలో తేలారు. ట్యూరింగ్‌కి చెస్ అంటే ఇష్టమే కానీ ఆట అంతంతమాత్రం. గోలంబెక్ తన మంత్రిని ముందే తీసేసి ఆడినా ఆయన మీద గెలిచేవారని చెప్పుకుంటారు.

యుద్ధం అయిపోయాక కూడా అక్కడ పనిచేసినవాళ్లు ఇంట్లోవాళ్లకి సైతం ఒక్క ముక్క చెప్పకూడదు. 1970లలో గానీ ఆ సంగతి బయటికి రాలేదు. అంటే 1963లో మాస్కోలో ఆ మ్యాచ్‌కి ఆర్బిటర్‌గా కూర్చున్న మనిషి దగ్గర ఆ కవర్లలో ఉండే రహస్యాల సంగతి అటుంచి, అంతకంటే పెద్ద రహస్యం ఉంది, ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఎవరికీ తెలియదు. మా అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆ హట్లు చూపించాను. చిన్న చెక్క గదులు, మన ఊళ్లో గవర్నమెంట్ స్కూలు పాత షెడ్లలా ఉంటాయి. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆయన రాసిన పుస్తకాల్లో నాకు బాగా ఇష్టమైనది ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా వంద ఆటల మీద 1947లో వచ్చిన పుస్తకం. తర్వాత రేటి అనే ఆటగాడి ఆటల మీద రాశారు, పైన చెప్పిన అలెగ్జాండర్ పోయాక హార్ట్‌స్టన్ అనే ఇంకో ఆటగాడితో కలిసి అలెగ్జాండర్ ఆటల మీద కూడా పుస్తకం తెచ్చారు. పక్కవాళ్ల ఆట ఎంత అందంగా ఉందో చూపించడానికి ఇంత సమయం పెట్టిన మనిషి, ఆయనా మూడుసార్లు ఛాంపియనే కదా!

పాతపెట్టె:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. తాతగారూ, గుర్రపు గంతు సంగతి అమ్మకి చదివి వినిపించాను. పెళ్లయిన కొత్తలో తనకి చదరంగం నేర్పిస్తానని కూర్చోబెట్టి, తను పుట్టింట్లో ఆడినట్టు రాజుని గెంతిస్తే నాన్న ఒప్పుకోలేదని, అది తప్పు అన్నారని తను అలిగి లేచిపోయిందని అప్పుడు చెప్పింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

నల్లగడి తమ్ముడూ, బాబు నిన్న సాయంత్రం నువ్వు చెప్పినట్టే బోర్డుకి అటు ఇటు తిరుగుతూ ఆడాడు. నాన్న గీత గీసిన మొదటి ఆట పి-కె4, పి-కె4, కెటి-కెబి3 దాకా సరిగ్గా పెట్టాడు. తర్వాత నల్ల గుర్రం కెటి-క్యూబి3 ఎటు పోవాలో తెలియక ఆగిపోతే, వంటింట్లోంచి అమ్మ వచ్చి మంత్రి వైపు గుర్రం రా, ఇటు పెట్టు అంది.