కైఫియత్తులు, చెరువు మ్యాపులు కలిపి పోస్ట్‌డాక్ ప్రపోజల్: ఏ ప్యానెల్‌లో వేయాలి?

గండికోట_గాలి:
అందరికీ నమస్కారం. పోయిన ఏడాది హైదరాబాదులో తెలుగులో పీహెచ్‌డీ అయింది. నా టాపిక్ మెకంజీ కైఫియత్తుల్లో (కంపెనీ కాలంలో మెకంజీ దొర ఊరూరా రాయించిన స్థానిక చరిత్రలు) చెరువుల ప్రస్తావనలు, కడప జిల్లా వరకే. ఇప్పుడు యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి వేద్దామని కూర్చున్నాను. కైఫియత్తుల్లో చెప్పిన చెరువుల్ని శాటిలైట్ చిత్రాల మీద గుర్తించి, ఏవి బతికాయి, ఏవి పూడిపోయాయి అని చూడాలని ఆలోచన. తంటా ఏంటంటే నాకు జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు గీసే పని) రాదు. యూట్యూబ్ చూసి ఒక్క చెరువు కట్ట గీశాను, అదీ వంకరగా వచ్చింది. డ్రాఫ్ట్ చూసిన మా గైడ్ గారు “ఇది చరిత్రా, ఇంజనీరింగా?” అని పక్కన పెట్టేశారు. హ్యుమానిటీస్ ప్యానెల్‌కి వేయాలా, ఎన్విరాన్‌మెంట్‌కా? ఇంకోటి, రెండేళ్ళ కిందట 8 నెలలు జర్మనీలో ఉన్నాను. మళ్ళీ అక్కడికే వేయొచ్చా?

చలిదేశం_చిన్నోడు:
జర్మనీకి వేసుకోవచ్చండి. గడువు తేదీకి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదు, అంతే. పాస్‌పోర్టు స్టాంపులు చూసి రోజులు లెక్కపెట్టుకోండి. నేనైతే క్యాలెండర్ మీద పెన్నుతో గీతలు కొట్టుకున్నాను.

తూము_దగ్గర:
నేను 2022లో వేస్తే నూటికి 81 వచ్చింది, పోయింది. 2023లో అదే ప్రాజెక్టు తిరగరాసి వేస్తే వచ్చింది. నాది గుడి శాసనాలూ రాతి రసాయనశాస్త్రమూ. మొదటిసారి శాసనాల గురించి మూడు పేజీలు, రసాయనం గురించి రెండు పేజీలు రాశాను. రెండూ పక్కింటి వాళ్ళలా ఉన్నాయి, మాటల్లేవు. రివ్యూలో కూడా మర్యాదగా అదే అన్నారు.

హ్యుమానిటీస్ ప్యానెల్‌కే వేయండి, మీ ప్రశ్న అక్కడిదే. కీవర్డులు మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. వాటిని బట్టే మీ కాగితం ఎవరి చేతికి వెళ్ళాలో చూస్తారు. మార్కుల్లో ఎక్సలెన్స్‌కి 50 శాతం, ఇంపాక్ట్‌కి 30, ఇంప్లిమెంటేషన్‌కి 20. ఉన్నవి 10 పేజీలు, కాబట్టి మెకంజీ జీవిత చరిత్ర వద్దు. ఒక్క ముక్క చాలు: 1815లో ఇండియా మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినవాడే ఈ కైఫియత్తులు సేకరింపజేశాడు. కొలిచినవాడూ రాయించినవాడూ ఒకడే. తరవాత దేశభాషల రాతప్రతులు చెన్నైలో మిగిలాయి, ఇంగ్లీషు కాగితాలు చాలావరకు లండన్ చేరాయి. మీరు కొత్తగా రెండు శాస్త్రాలు కలపడం లేదు, విడిపోయినవాటిని కలుపుతున్నారు. మీ గైడ్ గారికి కూడా ఇదే చెప్పండి.

జీఐఎస్ రాదని దాచొద్దు. ఈ ఫెలోషిప్‌లో నేర్చుకోవడం కూడా పనే. మొత్తం కాలంలో మూడో వంతు దాకా సెకండ్‌మెంట్‌కి, అంటే వేరే సంస్థలో కొన్నాళ్ళు పనిచేయడానికి ఇస్తారు, దాన్ని శాటిలైట్ చిత్రాలు చదివే ఒక రిమోట్ సెన్సింగ్ ల్యాబ్‌లో పెట్టుకోండి. ఇక సిఫారసు లేఖల కోసం ఎవరి గుమ్మమూ తొక్కక్కర్లేదు, అడగరు. హోస్ట్ ప్రొఫెసర్‌కి మాత్రం ఇప్పుడే రాయండి, చాలా యూనివర్సిటీలు సెప్టెంబర్ గడువుకి నెలల ముందే సొంత వడపోత పెడతాయి. మెయిల్‌లో సీవీతో పాటు ఒక్క చెరువు చూపించండి. ఒక్కటే.

గండికోట_గాలి:
చాలా థాంక్స్ అన్నా. పోరుమామిళ్ళ చెరువుతో మొదలుపెట్టనా? 1369 నాటి శాసనంలో మంచి చెరువుకి 12 అంగాలు, 6 దోషాలు చెప్పారు. నీటి శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు ఉండాలని కూడా ఉంది.

తూము_దగ్గర:
అది అందరూ ఎత్తేదే. నీ వంకర చెరువు చూపించు.

ఏఈ_రిటైర్డ్:
నేను హ్యుమానిటీస్ మనిషిని కాను బాబూ, ముప్పై ఏళ్ళు మైనర్ ఇరిగేషన్‌లో చేశాను. గండి పడ్డ చోట నీళ్ళు గుంత కోసేస్తాయి. ఒక్కోసారి అది తాటిచెట్టంత లోతు. పాత లైన్లోనే పూడ్చాలంటే మట్టి చాలదు. అందుకని గుంతను పక్కనుంచి చుట్టి కట్ట వేస్తారు, రింగ్ బండ్ అంటాం. నువ్వు గీసింది తప్పు కాకపోవచ్చు, కట్టే వంకరేమో చూడు. మీ కైఫియత్‌లో గండి మాట ఉందా?

గండికోట_గాలి:
సార్, రాత్రే మళ్ళీ తీశాను. ఉంది! కట్ట తెగిందని, దశబంధం ఇనాం (చెరువు పనికి బదులుగా ఇచ్చే భూమి) ఇచ్చి మళ్ళీ కట్టించారని రెండే వాక్యాలు. థీసిస్‌లో దాన్ని ఫుట్‌నోట్లో పడేశాను. తెగింది ఎక్కడో రాయలేదు. నా గీతలో వంపు మాత్రం పెద్ద తూముకి ఇవతల, కట్ట మధ్యలో ఉంది. ఆదివారం ఊరెళ్తున్నాను. అది రింగ్ బండేనని అక్కడ నిలబడి ఎలా గుర్తుపట్టాలి సార్?

ఏఈ_రిటైర్డ్:
వంపు లోపల గుంత కోసం చూడు. ఎండాకాలం కదా, చెరువంతా ఎండినా అక్కడ కాస్త తడి గానీ తుంగ గానీ మిగిలి ఉండొచ్చు. టేపు తీసుకెళ్ళు, ఫోటోలు ఇక్కడ పెట్టు.